విదేశీ విరాళం, ఢిల్లీ విధానం, డెల్టా సొసైటీ: ఆరోగ్య రంగంలో డబ్బు నడిచిన దారి

అమలాపురంలోనో పాలకొల్లులోనో ఉన్న సొసైటీకి విదేశం నుంచి విరాళం వస్తే ఆ డబ్బు నేరుగా ఊళ్లోని బ్యాంకులో పడదు. ఢిల్లీ సంసద్ మార్గ్‌లోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఆ సొసైటీ పేరిట ఉన్న ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) ఖాతాలోనే పడాలి. ఖాతా తెరవడానికి ఢిల్లీ వెళ్లనక్కర్లేదు, దగ్గర్లోని స్టేట్ బ్యాంకు శాఖలో కాగితాలిస్తే అక్కడికి పంపుతారు. తర్వాత కావాలంటే స్థానిక ఖాతాకు మళ్లించుకోవచ్చు. వచ్చినదాంట్లో పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు, అంతకుముందు ఈ పరిమితి 50 శాతం. వీటన్నిటికన్నా గట్టి నిబంధన ఇంకోటి ఉంది. ఆ సొమ్ములో ఒక్క రూపాయి కూడా మరో సంస్థకు ఇవ్వకూడదు, పుచ్చుకునే సంస్థకు సొంత రిజిస్ట్రేషన్ ఉన్నా సరే. ఇవన్నీ 2020 సెప్టెంబరు సవరణతో వచ్చాయి. విదేశీ డబ్బుతో దేశ విధానాలను మలుస్తున్నారన్న అనుమానం దీని వెనుక ఉంది. ఆ అనుమానం గట్టిగా రాజుకున్న రంగాల్లో ఆరోగ్యం ఒకటి.

గోదావరి జిల్లాలకు విదేశీ సొమ్ము కొత్త కాదు. బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు ఈ తీరానికి వచ్చింది 1836లో, అంటే ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలవడానికి పదకొండేళ్ల ముందు. తర్వాత వచ్చిన మిషన్ ఆసుపత్రులు, రాజమండ్రి విశ్రాంతిపురం క్షయ శానిటోరియం లాంటివి వైద్యం చేశాయి తప్ప విధానం జోలికి పోలేదు. 1976లో, ఎమర్జెన్సీ కాలంలో, తొలి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం వచ్చినప్పుడు దాని గురి పార్టీలు, ఎన్నికలు, పత్రికల మీదే. సంఘాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది 1984 సవరణతోనే. 1986 వరదలు, 1996 నవంబరు 6 కోనసీమ తుఫాను తర్వాత సహాయం పంచడానికి వచ్చిన సంస్థల్లో కొన్ని ఇక్కడే నిలబడ్డాయి. జిల్లాలో ఎన్జీవో అనే మాట జనం నోట్లో నానింది అప్పటి నుంచే.

విధానాన్ని మార్చే డబ్బు వచ్చింది మాత్రం ఎయిడ్స్‌తో.

రాజమండ్రిలో ఏం జరిగింది

2003లో గేట్స్ ఫౌండేషన్ ‘అవాహన్’ పేరుతో ఆరు రాష్ట్రాల్లో హెచ్‌ఐవీ నివారణ మొదలుపెట్టింది. మొదటి దశకు 25.8 కోట్ల డాలర్లు. వ్యాధి ఎక్కువగా ఉన్న ఉభయ గోదావరి జిల్లాలూ ఆ పటంలో ఉన్నాయి. ఫౌండేషన్ జిల్లా సంస్థలకు నేరుగా ఇవ్వదు. రాష్ట్ర స్థాయిలో ఒక పెద్ద సంస్థకు ఇస్తుంది. అది జిల్లా ఎన్జీవోలకు సబ్-గ్రాంటు ఇస్తుంది. కోస్తాలో ఆ పెద్ద సంస్థ హిందుస్థాన్ లేటెక్స్ వారి ట్రస్టు. రాజమండ్రి కేంద్రంగా కేర్ సంస్థ ఇంకో అడుగు వేసింది. సెక్స్ వర్కర్లే సంఘం కట్టుకుని పని నడిపించుకునే పద్ధతిని ప్రయత్నించింది. యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వచ్చి దాని మీద సర్వేలు చేశారు.

క్షేత్రంలో పని లెక్కల ప్రకారం సాగుతుంది. 60 మంది మహిళలకు ఒక పీర్ ఎడ్యుకేటర్, అంటే వాళ్లలోంచే ఎంచుకున్న మనిషి. సుమారు 250 మందికి ఒక అవుట్‌రీచ్ వర్కర్. మూడు నెలలకోసారి ఆరోగ్య పరీక్ష, ఆరు నెలలకోసారి హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు. ఒక డ్రాప్-ఇన్ సెంటర్: స్నానం చేసి, కాసేపు నడుం వాల్చి, నలుగురితో మాట్లాడుకునే అద్దె ఇల్లు. చదువురాని పీర్ల కోసం బొమ్మలతో వేసిన కార్డులు ఉండేవి. ఎవరిని కలిశారో, ఎన్ని కండోములు ఇచ్చారో, ఎవరు క్లినిక్‌కు వచ్చారో గుర్తులు పెట్టి వారం చివర్లో అప్పగించాలి. ఆ గుర్తులే నెలాఖరుకు అంకెలై పైకి పోతాయి.

విధానం మీద ప్రభావమంటే మంత్రిగారి గదిలో రహస్య మంతనాలని చాలామంది ఊహిస్తారు. ఇక్కడ జరిగింది అంతకన్నా మామూలు వ్యవహారం. 2007లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం మూడో దశ రాసేనాటికి కోల్‌కతా సోనాగాచీలో 1992 నుంచి సాగిన పని, అవాహన్ పద్ధతులు రెండూ చేతిలో తయారుగా ఉన్నాయి. ఎంతమందికి ఎంతమంది సిబ్బంది, ఒక్కొక్కరి మీద ఎంత ఖర్చు, ఏ రిజిస్టరులో ఏ గడి అన్నీ ఎవరో ఒకరు అప్పటికే వేసి పెట్టారు. ఖాళీ కాగితంతో కూర్చున్న అధికారి కన్నా నింపిన ఫారంతో వచ్చినవాడి మాట చెల్లుతుంది. డబ్బు ప్రధానంగా కొనిపెట్టింది ఆ నింపిన ఫారాన్నే.

తర్వాత అవాహన్ కార్యక్రమాల అప్పగింత. 2009లో పదో వంతు, 2011లో ఐదో వంతు, మిగిలినవన్నీ 2012లో ప్రభుత్వానికి మారాయి. చిక్కులు వచ్చిందీ అక్కడే. ప్రభుత్వ రేట్లు ఫౌండేషన్ రేట్ల కన్నా తక్కువ. డబ్బు విడతలుగా వస్తుంది, పాత విడతకు యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇస్తే గానీ కొత్త విడత కదలదు. మార్చి దాటాక ఫైలు ఆగితే పీర్ల గౌరవ వేతనం, సెంటరు అద్దె రెండూ బాకీ పడతాయి. ఇల్లుగలాయన ఒకటి రెండు నెలలు చూస్తాడు, తర్వాత తాళం వేస్తాడు. సెంటరు మారితే మహిళలు రావడం తగ్గుతుంది, పరీక్షల అంకె పడిపోతుంది, ఆ అంకె చూసి మూల్యాంకనంలో మార్కులు కోస్తారు. తప్పు ఎక్కడ మొదలైందో ఆ రిపోర్టులో కనిపించదు.

ఇదే కాలంలో హెచ్‌ఐవీ ఉన్నవారికి చట్టరక్షణ కోసం ఢిల్లీలో లాయర్స్ కలెక్టివ్ అనే సంస్థ బిల్లు ముసాయిదా రాసింది. రాయమన్నది ప్రభుత్వానికి చెందిన జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకోనే. అది 2014 ఫిబ్రవరిలో రాజ్యసభకు చేరి, 2017 ఏప్రిల్‌లో చట్టమై, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చింది. ఈలోగా, 2016 నవంబరులో, ఆ సంస్థ ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ రద్దయింది. హోం శాఖ ఆరోపణల్లో ఒకటి, విదేశీ సొమ్ముతో ఎంపీల మధ్య ప్రచారం చేసిందని. ఆ సంస్థ దాన్ని ఖండించింది. సర్కారు కోరి రాయించుకున్న చట్టం ఒకవైపు, దాన్ని రాసినవారి మీద చర్య ఇంకోవైపు, రెండూ ఆరు నెలల తేడాలో.

ఎగువన భద్రాచలం

అందరూ అవాహన్‌లా పని చేశారనుకుంటే పొరపాటు. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10–14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నిరోధక హెచ్‌పీవీ టీకా వేశారు. నడిపింది అమెరికా సంస్థ పాత్, సొమ్ము గేట్స్ ఫౌండేషన్‌ది, టీకా కంపెనీ ఉచితంగా ఇచ్చింది, భాగస్వాములు కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం. ఖమ్మంలో 14 వేల మంది పిల్లలు. అదే తీరున గుజరాత్ వడోదరలోనూ వేశారు. 2010 మార్చిలో ఢిల్లీకి చెందిన సామా అనే మహిళా ఆరోగ్య బృందం వచ్చి ఆరా తీసింది, ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణమని ప్రభుత్వ విచారణ తేల్చలేదు. అనుమతి తీసుకున్న తీరు మాత్రం బయటపడింది. ఆశ్రమ పాఠశాలల్లో తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టిన ఫారాలు వేలల్లో ఉన్నాయి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం కటువుగా రాసింది: ఈ పని అసలు ఉద్దేశం టీకాను సార్వత్రిక టీకా కార్యక్రమంలోకి ఎక్కించడమేనని.

భద్రాచలం పట్టణం మినహా ఆ మండలంలోని ఊళ్లు 2014లో తూర్పు గోదావరికి కలిశాయి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు మారాయి. టీకా చెడ్డది కాదు. జాతీయ సలహా బృందం దాన్ని చేర్చమని 2022లో సిఫారసు చేసింది కూడా. తొందరపడి, హాస్టలు పిల్లలు చేతికి అందుబాటులో ఉన్నారని వాళ్లతో మొదలుపెట్టి, ఆ టీకాకే పదేళ్లు పైగా ఆలస్యం తెచ్చారు. మరొకటి గమనించాలి. టీకా తెచ్చిన పాత్, దాన్ని ప్రశ్నించిన సామా రెండూ పౌర సంస్థలే. ‘ఎన్జీవోలు ఇలా చేస్తాయి’ అని మూకుమ్మడిగా అనేవారు ఈ సంగతి మర్చిపోతారు.

పొగాకు: రెండు వైపులా సంఘాలే

రాజమండ్రిలో 1947లోనే కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ వెలిసింది. గోదావరి లంకల్లో చుట్టల కోసం లంక పొగాకు పండుతుంది. మెట్టన దేవరపల్లి, కొయ్యలగూడెం, గోపాలపురం, జంగారెడ్డిగూడెంలలో పొగాకు బోర్డు వేలం కేంద్రాల్లో సిగరెట్లకు వాడే వర్జీనియా పొగాకు అమ్ముడవుతుంది. అందుకే సిగరెట్ పెట్టె మీద బొమ్మ ఎంత ఉండాలన్న ఢిల్లీ తగువు ఇక్కడి ఇంటి తగువు కూడా అయింది.

భారతదేశం ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు ఒప్పందాన్ని 2004 ఫిబ్రవరిలో ఆమోదించింది. 2014 అక్టోబరు 15న, పెట్టె ముందూ వెనకా 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలని నోటిఫికేషన్ వచ్చింది. 2015 ఏప్రిల్ నుంచి అమలు కావాలి. పార్లమెంటు కమిటీ ఒకటి ఇంకా అధ్యయనం కావాలంది, ఏడాది ఆగింది. 2016 మార్చిలో అదే కమిటీ 50 శాతం చాలంది. ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఏప్రిల్ 1 నుంచి 85 శాతమే అమలైంది. కర్ణాటక హైకోర్టు 2017 డిసెంబరులో ఆ నిబంధనను కొట్టేస్తే, మరుసటి నెలలో సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది.

ఈ పోరులో ఆరోగ్యం వైపు సంఘాలకు బ్లూంబెర్గ్ లాంటి దాతల డబ్బు ఉంది, అది లెక్కల్లో కనిపిస్తుంది. ఎదుటి వైపు రైతు సంఘాల పేరిట వినతి పత్రాలు వెళ్లాయి. 2016 నవంబరులో గ్రేటర్ నోయిడాలో ఆ ఒప్పంద దేశాలు సమావేశమైనప్పుడు బయట నిరసనలు జరిగాయి. రైతు గోడు అబద్ధం కాదు. ఆకు కాల్చే బారన్ కట్టి, అప్పు తెచ్చి, బోర్డు లైసెన్సు తీసుకున్న మనిషి ఒక్క ఏడాదిలో వేరే పంటకు మారలేడు. కానీ ఏ వినతి వెనుక ఎవరి డబ్బు ఉందో తెలుసుకునే దారి లేదు. విదేశీ సొమ్ముకు ఎఫ్‌సీఆర్‌ఏ ఉంది. దేశీయ పరిశ్రమ ఒక సంఘానికి డబ్బిస్తే బయటపెట్టమనే అంతటి చట్టం ఏదీ లేదు.

2017 ఏప్రిల్‌లో పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ రద్దయింది. పొగాకు నియంత్రణపై ఎంపీలతో, మీడియాతో, ప్రభుత్వంతో లాబీయింగ్ చేసిందన్నది ఆరోపణల్లో ఒకటి. అదే ఏడాది మొదట్లో, గేట్స్ సొమ్ముతో ఆ సంస్థ నడుపుతున్న టీకాల సాంకేతిక సహాయ విభాగాన్ని ఆరోగ్య శాఖ తన ఖర్చు కిందికి తెచ్చుకుంది. సలహా ఇచ్చే బల్ల చుట్టూ దాత జీతగాళ్లు కూర్చోకూడదనుకుంటే ఇదే సరైన మందు. రిజిస్ట్రేషన్ రద్దు కన్నా ఇదే నికరమైన పని. ఇంకో చిత్రం: 2016, 2018 ఫైనాన్స్ చట్టాల్లో ‘విదేశీ వనరు’ నిర్వచనాన్ని వెనక్కి, చివరికి 1976 దాకా, సడలించారు. విదేశీ వాటా ఉన్న కంపెనీల నుంచి విరాళాలు తీసుకున్న పార్టీలు అలా గట్టెక్కాయి.

సబ్-గ్రాంటు ఆగాక

2020 సవరణను సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 8న సమర్థించింది. ఢిల్లీ సంస్థకు పెద్ద ఇబ్బంది లేదు, అది దాతతో నేరుగా మాట్లాడగలదు. కాలువకు నీళ్లు తగ్గిస్తే శివారు ఆయకట్టు ఎండినట్టే, దెబ్బ తగిలింది చివరి సొసైటీకి. సొంత రిజిస్ట్రేషన్ కావాలంటే మూడేళ్లుగా పనిచేస్తూ ఉండాలి, ఆ మూడేళ్లలో ఆశయాల మీద 15 లక్షల రూపాయలు ఖర్చు పెట్టి ఉండాలి. ఆ ఖర్చుకు డబ్బు ఇదివరకు సబ్-గ్రాంటు నుంచే వచ్చేది. సెక్స్ వర్కర్ల సంఘాలు, హెచ్‌ఐవీ ఉన్నవారి సంఘాలు ఈ మెలికలోనే ఇరుక్కుంటాయి. ఇప్పుడు పెద్ద సంస్థలు సబ్-గ్రాంటుకు బదులు జిల్లాలో సొంత ఉద్యోగులను పెట్టుకుంటున్నాయి. సంఘం నాయకురాలు ఉద్యోగి అయ్యాక తన సంస్థ విధానాన్ని మీటింగులో తప్పుపట్టడం కష్టం.

సీఎస్‌ఆర్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత నిధి, ఉంది కదా అంటారు. 2014 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం ఖర్చు చేయాలి, చమురు, గ్యాస్ తీసే ఈ బేసిన్‌లో ఆ డబ్బు కనిపిస్తుంది కూడా. అయితే అది అంబులెన్సు, ఆర్వో ప్లాంటు, కంటి శిబిరం రూపంలో వస్తుంది. పీహెచ్‌సీలో మందులు ఎందుకు లేవని అడిగే సంఘానికి సీఎస్‌ఆర్ కమిటీ డబ్బివ్వాలంటే మేనేజరుకు చెమటలు పడతాయి. ప్రభుత్వమే ఆ ప్రశ్నకు డబ్బిచ్చిన సందర్భం ఒకటుంది: జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద 2007లో మొదలైన ప్రజా పర్యవేక్షణ. దాన్ని 9 రాష్ట్రాల్లో పరీక్షించారు, ఆంధ్రప్రదేశ్ అందులో లేదు.

ఎవరి డబ్బు ఎక్కడ నడుస్తోందో చూడాలంటే ఇదివరకు హోం శాఖ వెబ్‌సైటులో ఏ సంస్థ వార్షిక రిటర్నైనా, అంటే ఎఫ్‌సీ-4, తెరిచి చదువుకునే వీలుండేది. 2022 జులైలో వాటిని తీసేశారు. మూడు నెలలకోసారి వచ్చిన విరాళాలు ప్రకటించాలన్న నిబంధనా అప్పుడే పోయింది. ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల్లోగా ఆడిట్ అయిన లెక్కలను సంస్థ తన వెబ్‌సైటులో గానీ, కేంద్రం చెప్పిన వెబ్‌సైటులో గానీ పెట్టాలన్న నిబంధన మిగిలింది. కాబట్టి జనవరిలో వెతికితే అంతకుముందు మార్చితో ముగిసిన ఏడాది లెక్కలు దొరకాలి. దొరక్కపోతే సొసైటీ కార్యాలయానికి వెళ్లి ఆడిట్ రిపోర్టు అడగండి. అందులో మొత్తం కన్నా ముందు దాతల పేర్లున్న షెడ్యూలు, దాని పక్కన ఏ పనికని రాసిన గడి చూడండి.