మార్కులు తగ్గిన రోజు ఏం మాట్లాడాలి?

"ఎంత తెలివైనవాడివి నాన్నా!" అన్న మెప్పు పిల్లల ధైర్యాన్ని తగ్గించగలదంటే ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాల గురించి తెలిశాక మాత్రం ఆలోచనలో పడతాం.

అయిదో తరగతి పిల్లలకు ముందు ఓ మోస్తరు పజిళ్లు ఇచ్చారు. అవయ్యాక కొందరిని "నీకు మంచి తెలివి ఉంది" అని, కొందరిని "బాగా కష్టపడి చేశావు" అని మెచ్చుకున్నారు. తర్వాత బాగా కష్టమైనవి ఇస్తే అందరూ తడబడ్డారు. చివర్లో మళ్లీ మొదటి స్థాయివే ఇచ్చారు. తెలివికి మెప్పు పొందినవాళ్లు మొదట చేసినన్ని కూడా చేయలేకపోయారు. కష్టానికి మెప్పు పొందినవాళ్లు మొదటికన్నా మెరుగ్గా చేశారు. నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇంకో సంగతి. ముక్కూమొహం తెలియని వేరే బడి పిల్లలకు తమ స్కోరు రాసి చెప్పమంటే, మొదటి గుంపులో పదిమందికి దాదాపు నలుగురు రాని మార్కులు కలిపి రాశారు. గెలిస్తే తెలివైనవాడన్నారంటే, ఓడితే తెలివి లేదన్నట్టేగా! ఆ పసివాళ్లు దాచుకోక ఏం చేస్తారు?

అలాగని ప్రతిదానికీ "ఇంకా కష్టపడు" అంటే సరిపోదు. నిజంగా కష్టపడి చదివి కూడా తప్పిన పిల్లకు ఆ మాట ములుకులా గుచ్చుకుంటుంది. పరీక్ష పేపరు ముందు పెట్టుకుని కూర్చోండి. తప్పు పడిన లెక్కలో మూడు లైన్ల దాకా పద్ధతి సరిగ్గానే ఉండొచ్చు, నాలుగో లైనులో తీసివేతకు బదులు కూడి ఉండొచ్చు. "ఇక్కడిదాకా బాగా చేశావమ్మా. ఈ లైనులో ఏమైందో చూద్దామా?" అంటే తప్పు ఎంత చిన్నదో ఆ పిల్ల కళ్లకే కనిపిస్తుంది. "నీకు లెక్కలు రావు" అన్నామా, దిద్దుకోవడానికి ఏమీ మిగలదు.

దీనికంటే ముందు చేయాల్సింది ఒకటుంది. "ఏం కాలేదులే, ఏడవకు" అని ప్రేమతోనే అంటాం. కానీ ఏదో అయిందనేగా ఏడుస్తున్నది! "అనుకున్నన్ని రాలేదని బాధగా ఉంది కదూ" అని ఆ బాధకు పేరు పెట్టి, కాసేపు ఊరుకోవడం మేలు. మనస్తత్వ శాస్త్రవేత్త మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో పెద్దవాళ్ల మీద చేసిన మెదడు స్కానింగ్ పరిశోధనలో, చిత్రంలోని ముఖంలో కనిపించే భావానికి మాటతో పేరు పెట్టినప్పుడు, భయాందోళనలకు స్పందించే అమిగ్డాలా అనే మెదడు భాగంలో చురుకుదనం తగ్గింది.

మాటతో పాటు మన ముఖమూ మాట్లాడుతుంది. తల్లిదండ్రులు ఓటమిని ప్రమాదంగా చూస్తున్నారా, నేర్చుకునే అవకాశంగా చూస్తున్నారా అన్నది పిల్లలు ఇట్టే పసిగడతారని కైలా హైమోవిట్జ్, డ్వెక్ 2016లో చూపించారు. పేపరు చూడగానే నిట్టూర్చి "మిగతావాళ్లకెంత వచ్చాయి?" అని అడిగాక, ఎంత ఓదార్చినా ఆ పిల్ల నమ్మదు.

మాటలొక్కటే అన్నీ చేసేస్తాయని నేననను. వాటి వెనక మనిషి ఉండాలి. హవాయిలోని కవాయి ద్వీపంలో 1955లో పుట్టిన 698 మందిని మనస్తత్వ శాస్త్రవేత్త ఎమీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, ఇంట్లో గొడవల వంటి కష్టాలు ఎన్నో ముసురుకున్న పిల్లల్లో సుమారు మూడో వంతు చక్కగా ఎదిగారు. వాళ్లకు చేదోడుగా నిలిచినవాటిలో ముఖ్యమైనది, పెద్దవాళ్లలో కనీసం ఒకరితో గట్టి అనుబంధం. ఆ మనిషి అమ్మో నాన్నో కాకపోయినా ఫర్వాలేదు. చాలామందికి ఆ ఆసరా అమ్మమ్మ, తాతయ్య, అత్త, టీచరు వంటివాళ్ల దగ్గర దొరికింది.