మ్యాపులో ఖాళీ అని రాసి ఉన్న చోటు

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. నగరానికి చెందిన ఖాళీ స్థలాలనూ, వాడకం మానేసిన పాత రిజర్వాయర్లనూ రేపు దేనికి ఉపయోగించాలో ఎవరు నిర్ణయిస్తారు, ఎలా నిర్ణయిస్తారు అని మీరు రాసిన ఉత్తరం అందింది. నా ఉద్యోగ జీవితంలో చాలా భాగం అలాంటి స్థలాల మ్యాపులు గీయడంలోనే గడిచింది కాబట్టి ఈ ప్రశ్నకు రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోలేను. ఓపికగా చదవండి. అర్థం కానిచోట గుర్తు పెట్టుకుని మళ్ళీ అడగండి.

ముందుగా ‘ఖాళీ’ అనే మాట సంగతి చెప్పాలి. నేను పనిలో చేరిన కొత్తలో నా చేతికి వచ్చిన మొదటి మ్యాపులో సగానికి పైగా తెల్లగా ఉండి, దాని మీద ‘ఖాళీ స్థలం’ అని రాసి ఉంది. ఆ తెలుపు మీద ఏదో ఒకటి గీయాలని నాకు తొందరగా ఉండేది. మా పై అధికారి మాత్రం, ఆ నేల మీద నడిచి రాకుండా ఒక్క గీత కూడా గీయవద్దని కచ్చితంగా చెప్పారు. మర్నాడు తెల్లవారకముందే వెళ్ళాను. స్థలం ఈ మూల నుంచి ఆ మూలకు ఐమూలగా ఒక కాలిబాట పోయింది. జానెడు వెడల్పున గడ్డి మొలవకుండా నేల గట్టిపడి, ఎన్నో పాదాల రాపిడికి నున్నగా మెరుస్తోంది. పల్లం వైపు దిగి చూస్తే గడ్డి అంతా ఒకే దిక్కుకు వాలి ఉంది. పొదల మొదళ్ళలో, సుమారు మోకాలి ఎత్తున, ఎండుపుల్లలూ ఆకులూ చిక్కుకుని ఉన్నాయి. పోయిన వానకు నీళ్ళు ఎంత ఎత్తున, ఏ దిక్కుగా పారాయో అవి చెబుతున్నాయి. మ్యాపులో తెల్లగా కనిపించిన చోటు మనుషులకు దారిగానూ వాననీటికి తావుగానూ అప్పటికే పని చేస్తోందని ఆ రోజు తెలిసింది. అందుకే ఒక స్థలాన్ని దేనికి వాడాలి అని అడిగే ముందు, అది ఇప్పుడు ఏం పని చేస్తోంది అని అడగాలన్నది నా గట్టి అభిప్రాయం.

వాననీటి విషయంలో ఆ పని ఎంతటిదో మీరే లెక్క కట్టవచ్చు. ఒక హెక్టారు నేల మీద ఒక మీటరు లోతున నీళ్ళు నిలిస్తే అది 10,000 ఘనపు మీటర్లు, అంటే కోటి లీటర్లు. ఒక చదరపు కిలోమీటరు మేర 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే పడిన నీరు 10 కోట్ల లీటర్లు. ఇందులో కొంత నేలలోకి ఇంకుతుంది, మిగిలినది పల్లం వెతుక్కుంటుంది. పల్లంలో ఉన్న పది హెక్టార్ల బయలును మట్టితో ఎత్తు చేసి భవనాలు కట్టామనుకోండి, అక్కడ నిలవాల్సిన నీరు ఎక్కడికీ మాయమైపోదు, దిగువనున్న వీధుల్లోకీ ఇళ్ళలోకీ చేరుతుంది. స్థలం ధర లెక్కకట్టే కాగితాల్లో ఈ సేవకు తరచుగా గడి కూడా ఉండదు, అందుకే స్థలం ఉన్నంతకాలం దాని విలువ ఎవరి కంటికీ కనబడదు.

రిజర్వాయర్ల సంగతి ఇంకొంచెం చిక్కైనది. వీటిలో రెండు రకాలున్నాయి. వాననీటినో నదినీటినో కట్ట వేసి నిలిపేవి మొదటి రకం. వీటికి నీరు వదలడానికి తూము, నిండితే పొర్లిపోవడానికి అలుగు ఉంటాయి. శుద్ధి చేసిన తాగునీటిని ఇళ్ళకు పంపే ముందు నిలవ ఉంచేవి రెండో రకం. ఇవి సాధారణంగా ఎత్తైన చోట ఇటుకతోనో, రాతితోనో, కాంక్రీటుతోనో కట్టిన పెద్ద తొట్లు. శుద్ధి చేసిన నీటిని పైకప్పు లేకుండా ఉంచితే పక్షుల రెట్టలూ, ఎండ వల్ల పెరిగే నాచూ దాన్ని మళ్ళీ పాడుచేస్తాయి. అందువల్ల అనేక నగరాలు పాత తొట్లకు మూత వేశాయి, లేదా వాటిని పక్కనబెట్టి కొత్త ట్యాంకులు కట్టుకున్నాయి. అలా పక్కనబెట్టిన తొట్లే ఇప్పుడు ‘వీటిని ఏం చేద్దాం’ అనే ప్రశ్నగా మిగిలాయి.

నీళ్ళు తీసేస్తే రిజర్వాయరు మామూలు నేల అయిపోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మట్టికట్ట వెనుక నీటిని ఒక్కసారిగా దించేస్తే, కట్ట లోపల ఇంకిన నీరు అంత వేగంగా బయటికి రాలేదు. బయటినుంచి నీరు ఆనుకుని ఇచ్చే ఆసరా పోయి, లోపలి బరువు అలాగే ఉండడంతో కట్ట లోపలి వాలు జారిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఇంజనీర్లు నీటిని కొంచెం కొంచెంగా, రోజుకు ఇంత అని హద్దు పెట్టుకుని దించుతారు. ఎండిన కట్టలో బంకమట్టి నెర్రెలు విచ్చుతుంది. కట్ట మీద పెద్ద చెట్లు పెరగనిస్తే, అవి చచ్చిన తరువాత కుళ్ళిన వేళ్ళ వెంట నీటికి దారి ఏర్పడుతుంది. అలాగే, మూత వేసిన తొట్టి కప్పు మీద తోట వేద్దామని అనుకోవడం తేలికే గానీ, తడిసిన మట్టి ఒక ఘనపు మీటరు దాదాపు రెండు టన్నులు తూగుతుంది. 30 సెంటీమీటర్ల మందాన పరిచినా చదరపు మీటరుకు సుమారు 600 కిలోల బరువు పడుతుంది. నూరేళ్ళ కిందట ఆ కప్పు కట్టినవారు ఆ బరువును ఊహించి ఉండకపోవచ్చు. గడ్డి మోయగలదా, పొదలు మోయగలదా, చెట్లు మోయగలదా అని పరీక్షించి తేల్చిన తరువాతే తోట బొమ్మ గీయాలి.

ఒకసారి ఎండగట్టిన తొట్టిలోకి నిచ్చెన వేసుకుని దిగాను. గోడ మీద నీటిమట్టం కొలిచే అంకెలు కింది నుంచి పైకి వరుసగా ఉన్నాయి. నా తలకన్నా చాలా ఎత్తున, ఒకప్పటి నీటి అంచు దగ్గర, రాయి రంగు మారి ఒక గీతలా కనబడింది. కింద పూడిక పలకలు పలకలుగా చీలి అంచులు పైకి ముడుచుకున్నాయి. ఆ చీలికల్లో ఒకదాని నుంచి చిటికెన వేలంత మొక్క ఒకటి లేచింది. ఆ మొక్కను చూసినప్పుడు, ఈ చోటుకు మేము వేస్తున్న ప్రణాళిక కన్నా ముందే మరో ప్రణాళిక మొదలైందని అనిపించింది. ఈ మాట ఎందుకు చెబుతున్నానో న్యూయార్క్ నగరం కథలు వింటే మీకు తెలుస్తుంది.

ఆ నగరంలో 1842లో నీళ్ళు నింపిన ఒక పెద్ద రిజర్వాయరు ఉండేది. దాని రాతిగోడలు సుమారు 50 అడుగుల ఎత్తు, 25 అడుగుల మందం. జనం ఆ గోడల మీద సాయంత్రాలు షికారు చేసేవారు. అవసరం తీరాక, 19వ శతాబ్దం ముగుస్తున్న రోజుల్లో దాన్ని పడగొట్టి, ఆ చోట ప్రజా గ్రంథాలయం కట్టారు. అది 1911లో తెరుచుకుంది. పాత రిజర్వాయరు పునాదిరాళ్ళు కొన్ని ఆ భవనంలో ఇప్పటికీ కనిపిస్తాయి. అదే నగరంలోని సెంట్రల్ పార్కులో మరో పాత రిజర్వాయరును 1930ల మొదట్లో ఎండగట్టారు. అది ఆర్థికమాంద్యం కాలం కావడంతో, పనులు పోయి ఇల్లూ వాకిలీ లేని మనుషులు కొందరు ఆ ఎండిన నేల మీద గుడిసెలు వేసుకున్నారు. తరువాత అక్కడ విశాలమైన పచ్చికబయలు వేశారు. తాగునీటి తొట్టి ఒకచోట పుస్తకాల ఇల్లయింది, ఇంకోచోట పచ్చిక అయింది, మధ్యలో కొన్నాళ్ళు దిక్కులేనివారికి నీడ అయింది. 1842లో గోడలు కట్టినవారు ఇందులో దేన్నీ ఊహించి ఉండరు.

మూడో కథ రిడ్జ్‌వుడ్ రిజర్వాయరుది. ఇప్పుడు న్యూయార్క్‌లో భాగమైన బ్రూక్లిన్ విడిగా ఒక నగరంగా ఉన్న కాలంలో, 1850ల చివర, దాన్ని రెండు తొట్లుగా కట్టారు, మూడో తొట్టి తరువాత చేర్చారు. వాడకం ఆగిపోయాక దశాబ్దాల పాటు ఎవరూ పట్టించుకోలేదు. రెండు తొట్లలో ఎవరూ నాటని అడవి పెరిగింది, నడిమి తొట్టి పక్షులు వాలే చెరువుగా మిగిలింది. 2004లో అది పార్కుల శాఖ చేతికి వచ్చినప్పుడు, ఒక భాగాన్ని చదును చేసి ఆటస్థలాలు వేయాలనే ప్రతిపాదన లేచింది. చుట్టుపక్కలవారిలో చాలామంది దానికి అడ్డుచెప్పారు. ఆటస్థలం కావాలన్నవారు చెడ్డవారు కాదు, ఆడుకోవడానికి చోటులేని పిల్లల తరఫున మాట్లాడినవారు వారిలోనూ ఉన్నారు. చివరికి ఆ అడవి నిలిచింది. 2018లో ఆ స్థలం అమెరికా జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేరింది.

ఈ కథల్లో నేను మీ దృష్టి నిలపాలనుకునేది ఒక తేడా మీద. పచ్చికను రేపు అడవిగా మార్చవచ్చు, ఆటస్థలాన్ని పదేళ్ళ తరువాత చెరువుగా తవ్వవచ్చు. అమ్మేసిన భూమిని మాత్రం తిరిగి తెచ్చుకోలేం. 99 ఏళ్ళ కౌలుకు ఇచ్చిన చోటు మీద మీ పిల్లల పిల్లలకు కూడా మాట ఉండదు. కాబట్టి, నా దృష్టిలో, ప్రణాళిక వేయడమంటే రంగురంగుల బొమ్మ గీయడం కాదు, నిర్ణయాలను వరుసలో పెట్టడం. మళ్ళీ మార్చుకోగలిగినవాటిని ముందు చేసి చూడాలి. మార్చుకోలేనివాటిని చివరిదాకా ఆపి, వాటికి మిగతా నిర్ణయాలకన్నా ఎక్కువమంది ఒప్పుకోవాలని అడగాలి. ఒక ఏడాది పాటు తాత్కాలికంగా బెంచీలూ నీడా పెట్టి ఎవరు వస్తారో చూడడం తక్కువ ఖర్చుతో అయ్యే పని. దానివల్ల తెలిసే సంగతులు ఎంత పెద్ద నివేదికలోనూ దొరకవు.

సిడ్నీలోని ప్యాడింగ్టన్ రిజర్వాయరును 1866లో కట్టారు. నీటి అవసరం తీరాక అది గోదాముగానూ గ్యారేజీగానూ ఉంది. 1990లో కప్పు కొంత కూలింది. పూడ్చి చదును చేయడం సులువైన దారే, కానీ అలా చేయలేదు. ఇటుక కమానులను నిలబెట్టి, కూలిన భాగాన్ని ఆకాశానికి తెరిచి, నేలమట్టానికి దిగువన తోట పెంచి 2009లో జనానికి ఇచ్చారు. శాన్ ఫ్రాన్సిస్కోలో 1940 ప్రాంతంలో వాడుక ఆగిపోయిన ఫ్రాన్సిస్కో రిజర్వాయరు చోట 2022లో పార్కు తెరుచుకుంది. ఎనభై ఏళ్ళ ఆలస్యం మెచ్చుకోదగినది కాదు, అయినా ఆ ఎనభై ఏళ్ళలో ఆ భూమి చేతులు మారి భవనాల కింద పడిపోకపోవడం వల్లనే ఆ పార్కు సాధ్యమైంది. పనిలో ఉన్న రిజర్వాయర్ల దగ్గరికి జనాన్ని రానివ్వకూడదన్న పాత నమ్మకం కూడా మారుతోంది. లండన్‌లోని వాల్తమ్‌స్టోలో పది రిజర్వాయర్లు నగరానికి నీరందిస్తూనే ఉన్నాయి. 2017 నుంచి వాటి గట్ల మీద ఎవరైనా ఉచితంగా నడవవచ్చు.

ఇళ్ళ సంగతి దాటవేయడం న్యాయం కాదు. బెర్లిన్‌లో టెంపెల్‌హోఫ్ విమానాశ్రయం 2008లో మూతపడింది. 2010లో ఆ బయలును జనానికి తెరిచారు. అంచుల్లో ఇళ్ళూ గ్రంథాలయమూ కట్టాలని నగర ప్రభుత్వం తలపెడితే, 2014 మే నెలలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో అధికులు మొత్తం బయలుగానే ఉండాలని ఓటు వేశారు. అయినా ఇళ్ళ కొరత తీరలేదు, ఆ చర్చ ఇంకా ఆగలేదు. తలదాచుకునే చోటు కోసం వెతుకుతున్నవారితో ‘మాకు గడ్డి కావాలి’ అని చెప్పడం తేలిక కాదు, తేలికగా చెప్పనూ కూడదు. అయితే నగరంలో ఇప్పటికే కట్టి వాడకుండా పడి ఉన్న భవనాలనూ, ఒక అంతస్తుతో ఆగిన పాత కట్టడాలనూ లెక్కపెట్టకముందే బయలు మీదికి పోవడం నాకు సమ్మతం కాదు. కట్టిన చోటు మీద మరో అంతస్తు వేయవచ్చు. బయలు మీద కట్టిన తరువాత బయలు ఇంకెక్కడా పుట్టదు.

ఇక భూమి నగరానిదైతే నగరం ఇష్టం కదా అని మీలో ఒకరు అడిగారు. యజమానికీ ధర్మకర్తకూ తేడా ఉంది. అమెరికాలో ఇల్లినాయ్ శాసనసభ 1869లో షికాగో రేవు నీటి అడుగు భూమిని ఒక రైల్వే కంపెనీకి రాసిచ్చి, 1873లో ఆ చట్టాన్ని రద్దు చేసింది. వివాదం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ప్రజల కోసం ధర్మకర్తగా తన చేతిలో ఉన్న ఆ నీటినీ భూమినీ ప్రభుత్వం అలా పూర్తిగా వదులుకోలేదని 1892లో కోర్టు చెప్పింది. ఆ ఆలోచన తరువాత ఎన్నో దేశాల న్యాయస్థానాల్లో చోటు సంపాదించింది. ధర్మకర్త అన్న మాటను గట్టిగా పట్టుకోండి.

నిర్వహణ ఖర్చు గురించి ఒక్కమాట. పార్కు తెరిచే రోజు ఖర్చు అందరూ చూస్తారు, ఆ తరువాత ఏటేటా గడ్డి కోయడానికీ, తూము తలుపులకు నూనె పెట్టడానికీ అయ్యే ఖర్చు ఎక్కడినుంచి వస్తుందో ప్రణాళికలోనే రాయించాలి. రాయని ప్రణాళికకు ఒప్పుకోకండి.

మిమ్మల్ని ఎవరు అడుగుతారని బెంగ పడ్డారు. తమకు సంబంధించిన విషయాల్లో తమ అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకుందని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెబుతోంది. అభిప్రాయం ఒక్కటే తీసుకువెళితే విని పంపేస్తారు. లెక్క తీసుకువెళితే కూర్చోబెట్టి వింటారు, ఇది నేను బల్లకు అవతలి వైపు కూర్చుని చూసిన సంగతి. మీరు ఎంచుకున్న స్థలానికి పెద్దవాళ్ళు ఎవరినైనా వెంటబెట్టుకుని పొద్దున, మధ్యాహ్నం, చీకటి పడే ముందు వెళ్ళండి. గట్టు అంచులకూ తొట్టి గోడలకూ దూరంగా ఉండండి, నీళ్ళు లేని తొట్టి కూడా ప్రమాదమే. ఎవరు ఏ వైపు నుంచి వచ్చారు, ఎక్కడ కూర్చున్నారు, ఏ చెట్టు నీడ ఏ వేళకు ఎంతవరకు పాకింది, ఏ మూల నీరు ఎన్ని రోజులు నిలిచింది అన్నది రాయండి. రానివారిని కూడా గమనించండి: ముసలివారు లేరా, ఆడపిల్లలు చీకటి పడేలోపే వెళ్ళిపోతున్నారా, చక్రాల కుర్చీ లోపలికి పోయే దారి ఉందా. ఒక్క రోజుతో ఆపకండి. ఎండాకాలం ఒకసారి, వానాకాలం రెండుసార్లు చేయండి. ప్రతి కాగితం పైన ముందుగా తేదీ, వేళ, ముందు రోజు వాన పడిందో లేదో తప్పకుండా వేయండి. మొదటి కాగితాల నకలు నాకు పంపితే, వాటిని మ్యాపు మీదికి ఎలా ఎక్కించాలో వచ్చే ఉత్తరంలో రాస్తాను.

మీ తాతయ్య