బంటీకి ఐల్ రాయల్‌లో ప్రవేశం ఎందుకు లేదంటే

పిల్లలూ,

ఐల్ రాయల్ ప్రయాణం ఖాయమైందనీ, అక్కడికి కుక్కల్ని రానివ్వరని తెలిసి మీరిద్దరూ మూతులు ముడుచుకుని కూర్చున్నారనీ మీ అమ్మ చెప్పింది. "మా బంటీ ఎవర్నీ కరవదు కదా పెద్దమ్మా" అంటారని నాకు తెలుసు. కరవడం గురించి కాదమ్మా ఆ నిబంధన. మీరు తిరిగొచ్చేదాకా బంటీ నా దగ్గర ఉంటుంది, దాని బెంగ పెట్టుకోకండి. అసలు సంగతి మాత్రం తెలుసుకుని వెళ్ళండి.

ఆ దీవి అమెరికాలో మిషిగన్ రాష్ట్రానిది, సుపీరియర్ సరస్సులో ఉంది. సరస్సే కదా అని తేలిగ్గా తీసుకునేరు! హౌటన్ ఊళ్ళో రేంజర్ 3 అనే ఓడ ఎక్కితే దీవి చేరడానికి ఆరు గంటలు పడుతుంది. దీవి పొడవు 72 కిలోమీటర్లు, వెడల్పు మహా అయితే 14. అక్కడ కార్లుండవు, అంతా కాలినడకే. 1940లో నేషనల్ పార్క్ అయింది. చలికాలంలో, అంటే నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 దాకా, మూసేస్తారు.

చుట్టూ అన్ని నీళ్ళుంటే ఏ జంతువు పడితే ఆ జంతువు రాలేదు కదా. అందుకే అక్కడ ఎలుగుబంటి లేదు, జింక లేదు, రకూన్ లేదు. దుప్పి జాతిలోకెల్లా పెద్దదైన మూస్ మాత్రం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చేరింది. ఈదుకుంటూ వచ్చి ఉంటుందని ఎక్కువమంది అంటారు. తోడేళ్ళు 1940ల చివర్లో, గడ్డకట్టిన సరస్సు మీద నడుచుకుంటూ వచ్చాయి. అప్పట్నుంచీ మూస్‌ను వేటాడేది తోడేలు ఒక్కటే. ఈ రెంటినీ శాస్త్రవేత్తలు 1958 నుంచి లెక్కబెడుతూనే ఉన్నారు. పార్కు మూసి ఉన్న చలికాలంలో చిన్న విమానంలో తిరుగుతూ, మంచు మీద అడుగుల జాడ పట్టుకుని మరీ లెక్కపెడతారు.

1980లో ఆ లెక్క 50 తోడేళ్ళు. 1982కి వచ్చేసరికి 14! వాటికి తిండి కరువేమీ రాలేదు. కుక్కలకు వచ్చే పార్వో వైరస్ దీవిలోకి చేరింది. కుక్కల్ని తేకూడదన్న నిబంధన అప్పటికే ఉంది. ఎవరో దాన్ని పట్టించుకోకుండా తెచ్చి ఉంటారనే అందరి అనుమానం. మన బంటీకి ఏటా టీకా వేయిస్తాం. అడవిలో తోడేలుకు ఎవరు వేయిస్తారు చెప్పండి?

జబ్బు తగ్గాక కూడా ఆ తోడేళ్ళు సరిగ్గా కోలుకోలేదు. మిగిలిన కొద్దిపాటి వాటిలో వాటికే జతకట్టాల్సి రావడంతో వెన్నెముకలు వంకర్లుగా ఉన్న పిల్లలు పుట్టాయి. సరస్సు గడ్డకట్టే చలికాలాలు కూడా తగ్గిపోయి కొత్తవి నడిచి వచ్చే దారి లేకపోయింది. 2016కి రెండే మిగిలాయి, అవీ తండ్రీకూతుళ్ళు. అడ్డుకునేవాళ్ళు లేక మూస్‌ల మంద పెరిగిపోయి 2019లో రెండు వేలు దాటింది. చలికాలంలో వాటికి ఆధారమైన, సూదుల్లాంటి ఆకులుండే ఫర్ చెట్ల మొక్కల్ని ఎదగనివ్వకుండా కొరికేశాయి. చివరికి 2018, 2019లలో బయటి నుంచి 19 తోడేళ్ళను పట్టుకొచ్చి వదిలారు. అడవిని దాని మానాన వదిలెయ్యాలి గానీ మనం వేలు పెట్టకూడదని అప్పట్లో చాలామంది వాదించారు. మనుషులు చేసిన నష్టంలో కొంతైనా మనుషులే పూడ్చాలని నా ఉద్దేశం. 2024 లెక్కలో తోడేళ్ళు సుమారు 30 ఉన్నాయి.

ఇక మీ మకాం సంగతి. సరస్సు నీళ్ళు అద్దంలా ఉంటాయి, అలాగే తాగెయ్యాలనిపిస్తుంది. తాగొద్దు. తోడేళ్ళ కడుపులో ఉండే ఒక రకం బద్దెపురుగు గుడ్లు వాటి మలంతో నీళ్ళలో కలుస్తాయి. క్లోరిన్ బిళ్ళల్ని నమ్ముకోకండి. నీళ్ళు తెర్లనివ్వాలి, లేదా 0.4 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) గానీ అంతకన్నా సన్నని గానీ రంధ్రాలున్న ఫిల్టర్‌తో వడకట్టాలి.

పడుకోవడానికి టెంటు ఎలాగూ ఉంటుంది. కొన్ని చోట్ల మూడు పక్కలా చెక్క గోడలు, ముందు దోమల వల ఉన్న చిన్న కొట్టాలుంటాయి. ముందు వచ్చినవాళ్ళవే అవి. జూన్, జూలైలలో ఆ వల విలువ మీకే తెలిసొస్తుంది. పొయ్యి మీరే పట్టుకెళ్ళాలి, మంట వేసుకోవడానికి అన్ని చోట్లా ఒప్పుకోరు. చెత్త కూడా మూటగట్టి వెనక్కి తెచ్చుకోవాల్సిందే.

రాత్రి బూట్లు బయట వదలకండి. ఎలుగుబంట్లు లేని ఆ దీవిలో దొంగతనాలు చేసేది నక్కలు. తినేది కాకపోయినా సరే, చెమట వాసన తగిలితే చాలు, ఒక బూటు నోట కరుచుకుని పొదల్లోకి పోతాయి. ఒంటి బూటుతో పదిహేను కిలోమీటర్లు నడిచి చూడండి మరి! ముచ్చటగా ఉందని దానికి బిస్కెట్టు ముక్క వేశారో, ఆ తర్వాత వచ్చేవాళ్ళ టెంట్లన్నీ అది వెతుకుతుంది.

మూస్ కనబడితే ఫొటో కోసం ముందుకు వెళ్ళొద్దు. పిల్లతో ఉన్న తల్లి అయితే మరీ ప్రమాదం. చెవులు వెనక్కి వాల్చి, మెడ మీది వెంట్రుకలు లేచాయంటే దానికి కోపం వచ్చినట్టే. వెంటనే ఒక లావుపాటి చెట్టు చాటుకు పోండి. రాలి పడ్డ కొమ్ములు దొరికినా చూసి అక్కడే వదిలెయ్యాలి.

నాన్నకు ఒక మాట చెప్పండి. పొగమంచు కమ్మినా, అలలు పెద్దవైనా పడవలూ విమానాలూ ఆగిపోతాయి. ఒక రోజుకు సరిపడా తిండి అదనంగా సర్దుకుని, తిరిగొచ్చిన మర్నాటికి కూడా సెలవు పెట్టుకొమ్మనండి.

ప్రేమతో,
పెద్దమ్మ