దాతల రక్తం చెప్పే జ్వరాల చరిత్ర

దానంగా వచ్చిన ప్రతి రక్తపు సంచికీ మన దేశంలో ఐదు పరీక్షలు తప్పనిసరి: హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా. డెంగీ, చికున్‌గున్యా ఆ జాబితాలో లేవు. నెల్లూరు, ఒంగోలు రక్తనిధులకూ ఇదే నిబంధన.

చికున్‌గున్యా 1963లో కలకత్తాలో, మరుసటి ఏడాది మద్రాసులో చెలరేగింది. 1973లో మహారాష్ట్రలోని బార్శిని పట్టి కుదిపాక మూడు దశాబ్దాలు దాదాపు కనుమరుగైంది. 2005 చివర్లో తిరిగొచ్చినప్పుడు ముందుగా దెబ్బతిన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2006లో దేశవ్యాప్తంగా అనుమానిత కేసులు 13 లక్షలు దాటాయి. అసలు సంఖ్య ఇంకా పెద్దదని నా నమ్మకం. ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని, కీళ్ల నొప్పులతో మంచం దిగలేక ఇంట్లోనే పడి ఉన్నవారిని ఏ రిజిస్టరూ లెక్కించలేదు. అయితే వైరస్ సోకాక ఒంట్లో తయారయ్యే ఐజీజీ యాంటీబాడీలు (రోగనిరోధక ప్రొటీన్లు) మాత్రం రక్తంలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటాయి.

దాతల రక్తంలో ఈ జాడ వెతకడం ఎందుకో పసిఫిక్ దీవులైన ఫ్రెంచ్ పాలినేషియా చూపించింది. 2011-13 మధ్య అక్కడ 593 మంది దాతలను పరీక్షిస్తే 80 శాతం మందిలో డెంగీ యాంటీబాడీలు కనిపించాయి. దోమల వల్లే వ్యాపించే మరో వైరస్ జికావి ఒక శాతం మందిలో కూడా లేవు. 2013 అక్టోబరులో జికా మొదలయ్యాక దాన్ని అడ్డుకునే శక్తి జనంలో లేకపోయింది.

2017-18లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 15 రాష్ట్రాల్లో చేసిన సర్వేలో, దక్షిణాదిన 76.9 శాతం మందికి డెంగీ, 43.1 శాతం మందికి చికున్‌గున్యా ఎప్పుడో ఒకప్పుడు సోకినట్టు తేలింది. మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల పరిస్థితి ఈ సగటులో కనపడదు. కనిగిరి, పొదిలి వైపు ట్యాంకరు నీళ్లను డ్రమ్ముల్లో, సిమెంటు తొట్లలో రోజుల తరబడి నిల్వ చేస్తారు. డెంగీ, చికున్‌గున్యాలను మోసే ఏడిస్ దోమ గుడ్లు పెట్టేది ఆ మంచి నీటి అంచునే. కరవు ప్రాంతమైతే దోమలు తక్కువనుకోవడం పొరపాటు.

దాతల వయసు కూడా చాలా చెబుతుంది. ఇప్పుడు రక్తమిస్తున్న పద్దెనిమిదేళ్లవారు 2006 తర్వాత పుట్టినవారే. వారిలో చికున్‌గున్యా యాంటీబాడీలు ఉంటే, ఆ పెద్ద విజృంభణ ముగిశాక కూడా వైరస్ తిరుగుతూనే ఉందన్నమాట. పరీక్షలకు తీసిన గొట్టంలో మిగిలే కాస్త రక్తం ఇందుకు చాలు. పేరు తీసేసి వయసు, మండలం రాసుకుంటే సరిపోతుంది.

జికా విషయంలో ఇంత సులువు కాదు. డెంగీ, జికా, మెదడువాపు వైరస్‌లు ఒకే కుటుంబానివి కాబట్టి ఒకదాని యాంటీబాడీలు మరొకదాని పరీక్షలోనూ పాజిటివ్ చూపవచ్చు. నిర్ధారణకు న్యూట్రలైజేషన్ పరీక్ష, అంటే ఆ యాంటీబాడీలు ఏ వైరస్‌ను అడ్డుకుంటాయో చూసే పరీక్ష కావాలి. 2024 డిసెంబరులో నెల్లూరు జిల్లా మర్రిపాడు మండలంలో జికా అనుమానం తలెత్తినప్పుడు నమూనాలు పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ దాకా వెళ్లాల్సి వచ్చింది.