ఖరాబైన బ్యాటరీలో ఇంకేముంటది? కొన్ని అపోహలు, వాస్తవాలు

పత్తి చేన్లకు మందు కొట్టే రోజులొస్తే నా దుకాణం ముందు చార్జింగ్ పంపులు వరుస కడతాయి. నల్గొండలో దేవరకొండ రోడ్డు మీద పంపులు, ఇన్వర్టర్లు, స్కూటర్లకు బ్యాటరీలు మార్చే పని నాది. కొత్త బ్యాటరీ గురించి అందరూ గుచ్చి గుచ్చి అడుగుతారు. గ్యారంటీ ఎన్ని నెలలు, ఒక్క చార్జింగుకు ఎన్ని ట్యాంకులు కొడుతుంది అని. తీసేసిన పాతదాన్ని ఏం చేయాలని అడిగేవాళ్లు తక్కువ. నా భయమంతా ఆ పాతదాని గురించే.

అపోహ: "చచ్చిపోయిన బ్యాటరీయే కదన్నా, దాంట్ల ఏమున్నది?"

మోటారు తిప్పలేకపోతే మనం చచ్చిపోయిందంటాం. మీటరు పెట్టి చూస్తే చాలాసార్లు పది, పదకొండు వోల్టులు చూపిస్తూనే ఉంటుంది. పోయిన వానాకాలం ఒక తమ్ముడు ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ తనే విప్పబోయాడు. ప్లస్ బోల్టుకు పానా పెట్టి తిప్పుతున్నాడు. చేతికున్న స్టీలు కడియం అటు పానాకు, ఇటు మైనస్‌కు ఆనింది. టప్‌మని నిప్పురవ్వ లేచింది. నా దగ్గరికి వచ్చేసరికి మణికట్టు చుట్టూ, కడియం ఎంత వెడల్పుందో అంత మేర, చర్మం తెల్లగా ఉడికిపోయి ఉంది.

పన్నెండు వోల్టులు షాక్ కొట్టవు, నిజమే. కానీ ఆ రెండు టర్మినళ్లు ఇనుముతో కలిస్తే వందల యాంపియర్లు ఒక్కసారిగా పారతాయి, ఇనుము క్షణంలో కాగిపోతుంది. అందుకే విప్పేముందు ఉంగరం, కడియం, వాచీ తీసి పక్కన పెట్టండి. పానా పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టండి. ఇన్వర్టర్ ఆపి, ప్లగ్గు కూడా పీకండి. ముందు మైనస్ విప్పాలి, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. బండ్లకు ఇది మరీ ముఖ్యం. బండి బాడీ అంతా మైనస్సే కాబట్టి, మైనస్ తీసేశాక ప్లస్ మీదున్న పానా బాడీకి తగిలినా ఏం కాదు.

చార్జింగ్ ఎక్కుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది నాలుగు శాతముంటే చాలు, రవ్వ పడితే అంటుకుంటుంది. సీల్డ్ బ్యాటరీ అయినా ఎక్కువ చార్జయితే వాల్వు తెరుచుకుని గ్యాసు వదులుతుంది. తలుపులు, కిటికీలు తెరిచి పెట్టండి. దగ్గర బీడీ వెలిగించొద్దు.

అపోహ: "నీళ్లు తగ్గినయి, బోరు నీళ్లు పోస్తే ఏమైతది?"

మన జిల్లా బోరు నీళ్ల సంగతి మనకు చెప్పాలా? నీళ్లలో ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరే పడిపోయింది. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఒక్కటే లేదు. కాల్షియం, క్లోరైడ్, ఇనుము అన్నీ ఉంటాయి. అవి బ్యాటరీ లోపలి సీసం పలకల మీద చేరి వాటిని తినేస్తాయి. ఫిల్టర్ క్యాన్ నీళ్లలోనూ కొంత మిగిలే ఉంటాయి. డిస్టిల్డ్ వాటర్ తప్ప వేరేది పోయకండి. యాసిడ్ పోస్తే బలమొస్తుందనే మాట కూడా తప్పు. చార్జింగుకు ఆవిరయ్యేది నీళ్లే, యాసిడ్ లోపలే ఉంటుంది. మళ్లీ యాసిడ్ కలిపితే గాఢత పెరిగి పలకలు త్వరగా పోతాయి.

కంట్లో యాసిడ్ చుక్క పడితే ఏ సోడా, ఏ పసరూ వద్దు. పారే నీళ్ల కింద పదిహేను, ఇరవై నిమిషాలు కడుగుతూనే ఉండి, తర్వాత ఆస్పత్రికి పోవాలి.

అపోహ: "పెద్ద బ్యాటరీ వేస్తే మోటారు కాలిపోతుంది."

కాలదు. వోల్టులు సమానంగా ఉంటే 8 ఏహెచ్ (యాంపియర్-అవర్, అంటే ఎంత చార్జి పడుతుందో చెప్పే లెక్క) బ్యాటరీ చోట 12 ఏహెచ్ వేసినా మోటారు తనకు కావలసినంతే తీసుకుంటుంది. డబ్బాలో పట్టాలి, చార్జింగుకు ఎక్కువసేపు పడుతుంది, అంతే. జత బ్యాటరీల్లో మాత్రం ఒక్కదాన్నే మార్చకండి. పాతది ముందే ఖాళీ అయిపోయి, కొత్తదాన్ని కూడా తన వెంట లాగుతుంది.

అపోహ: "లిథియం ఉబ్బింది, సూదితో గుచ్చి గాలి తీస్తే సరిపోతది."

దయచేసి ఆ పని చేయకండి. లోపలి పొరలు ఒకదానికొకటి తగిలితే మంట మొదలవుతుంది, ఒక సెల్లు వేడి పక్క సెల్లును అంటిస్తుంది. ఉబ్బినదాన్ని వెంటనే వాడకం ఆపి, టర్మినళ్లకు టేపు వేసి, మండే వస్తువులకు దూరంగా పొడి ఇసుక బకెట్లో పెట్టండి. పాత పంపు చార్జరు కొత్త లిథియం ప్యాకుకు పెట్టొద్దు. మూడు సెల్లుల లిథియం ప్యాకుకు నిండా అంటే 12.6 వోల్టులు. లెడ్ (సీసం) బ్యాటరీ చార్జరు 14 దాటి పంపిస్తుంది.

అపోహ: "పాతదాన్ని ఎట్ల పారేసినా మన ఇష్టం."

ఇది చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను. ఒకాయన వలకు గుండ్లు పోసుకుంటానని పాత పలకలు అడిగాడు. ఎక్కడ కరిగిస్తావు బాబాయ్ అంటే, ఇంటెనక పొయ్యి మీద అన్నాడు. పిల్లలకు స్నానానికి నీళ్లు కాగేది ఆ పొయ్యి మీదే. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, కట్టెల మంట చాలు. దాని పొగ, దుమ్ము నేల మీద పడి పిల్లల చేతుల నుంచి నోట్లోకి పోతాయి. చిన్నపిల్లల మెదడును దెబ్బతీస్తాయి. రక్తంలో ఇంత వరకు ఉన్నా పరవాలేదు అనే లెక్క సీసానికి లేదు. నేను ఇవ్వలేదు. వారం రోజులు నాతో మాట్లాడలేదాయన. ఏం చేయను, ఇవ్వలేను.

బరువు తగ్గుతుందని యాసిడ్ మోరీలో పారబోసి అమ్ముతారు కొందరు. ఆ యాసిడ్‌లో సీసం కూడా ఉంటుంది. మోరీ చివరికి చెరువులోకో, చేనులోకో పోతుంది.

2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు తిరిగి తీసుకుని రీసైక్లింగుకు పంపే బాధ్యత తయారీదారులది. చెత్తలో కలపకుండా విడిగా అప్పగించాల్సింది మనం. బ్యాటరీ మీద కొట్టేసిన చెత్తబుట్ట గుర్తుకు అర్థమదే. కొత్తది కొన్నచోటే పాతది ఇవ్వండి, ధరలో తగ్గిస్తారు. లిథియానికి పైసలు రావని చెత్త బండిలో వేయొద్దు. నలిగితే బండే అంటుకుంటుంది.

ఊళ్ల నుంచి తెచ్చేవాళ్లకు ఒక మాట. బ్యాటరీని సంచిలో పడుకోబెట్టి బస్సు ఎక్కకండి. టర్మినళ్లకు టేపు వేసి, ప్లాస్టిక్ టబ్బులో నిలబెట్టి తేండి. పగిలిందైతే తేవద్దు, ఫోన్ చేయండి, నేనే వస్తాను.