పిన్ మీరే కొట్టారు: పోయిన డబ్బు బాధ్యత ఖాతాదారు మీదికి ఎలా వచ్చింది

ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోగొట్టుకుని బ్యాంకుకు పరుగెత్తినవారికి తరచూ ఎదురయ్యే జవాబు ఇది: ‘పిన్ మీరే కొట్టారు, ఓటీపీ మీ ఫోన్‌కే వచ్చింది.’ బ్యాంకు రికార్డులో చూస్తే ఆ మాట నిజమే. ఫోన్ మీదే, సిమ్ మీదే, పిన్ సరైనదే. దొంగ జాడ అందులో ఎక్కడా కనిపించదు. కేంద్రం పార్లమెంటుకు ఇచ్చిన లెక్కల ప్రకారం సైబర్ మోసాల్లో 2023లో ప్రజలు పోగొట్టుకున్నది 7,465 కోట్ల రూపాయలు. 2024లో అది 22,845 కోట్లకు చేరింది. ఇన్ని తాళాలు వేశాక కూడా ఇంత సొమ్ము ఎలా పోతోందో తెలియాలంటే, ఆ తాళాలు ఏ వరసలో వచ్చాయో, ఒక్కొక్కటి వచ్చాక దొంగ ఎటు మళ్లాడో చూడాలి.

మొదట్లో దొంగతనమంతా కార్డు చుట్టూనే తిరిగేది. కార్డు మీద నంబరు, గడువు తేదీ, వెనక మూడంకెల సీవీవీ తెలిస్తే ఆన్‌లైన్‌లో కొనేయవచ్చు. 2009 ఆగస్టు 1 నుంచి ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు రెండో ధ్రువీకరణ ఉండాల్సిందేనని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. మనకు ఓటీపీ అలవాటైంది ఆ తర్వాతే. ఏటీఎంల దగ్గర స్కిమ్మర్లు, అంటే కార్డు వివరాలు దొంగిలించే పరికరాలు పెట్టి కార్డు నకళ్లు తీసేవారికి అడ్డుకట్టగా, 2018 చివరికల్లా నల్లపట్టీ మాత్రమే ఉన్న కార్డుల స్థానంలో చిప్ కార్డులు ఇవ్వాలని గడువు పెట్టారు. ఈ రెండూ మంచి పనులే, బాగా పనిచేశాయి కూడా. అందుకే దొంగ యంత్రాన్ని వదిలి మనిషిని పట్టుకున్నాడు. ‘మీ ఏటీఎం కార్డు బ్లాక్ అయింది, వచ్చిన నంబరు చెప్పండి’ అనే ఫోన్లతో జార్ఖండ్‌లోని జామ్‌తాడా పేరు దేశమంతా తెలిసింది.

సొమ్ము పోతే నష్టం ఎవరిది అనే ప్రశ్నకు రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఒక సర్క్యులర్‌లో జవాబిచ్చింది. ప్రతి ఖాతాదారూ తెలుసుకుని ఉండాల్సిన కాగితం అది. తప్పు బ్యాంకుదైతే ఖాతాదారు ఎప్పుడు చెప్పినా, చెప్పకపోయినా అతనికి నష్టం లేదు. తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మధ్యలో వ్యవస్థదైతే, బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చాక మూడు పనిదినాల్లోపు తెలియజేస్తే పూర్తి సొమ్ము తిరిగి వస్తుంది. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే ఖాతాదారు భరించే నష్టానికి పరిమితి ఉంది: మామూలు పొదుపు ఖాతాకు 10,000 రూపాయలు, కనీస నిల్వ అక్కర్లేని ప్రాథమిక పొదుపు ఖాతాకు 5,000. ఏడు రోజులు దాటితే బ్యాంకు బోర్డు విధానమే దిక్కు. మెసేజ్ వచ్చిన రోజును లెక్కలో కలపరు. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో చూపాలి, 90 రోజుల్లో తేల్చాలి. తప్పు ఖాతాదారుదేనని రుజువు చేయాల్సిన భారం బ్యాంకుదే.

అయితే అదే సర్క్యులర్‌లో మరో మాట ఉంది. ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల, అంటే పిన్ లేదా ఓటీపీ ఇంకొకరికి చెప్పడం వల్ల నష్టం జరిగితే, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయినదంతా అతనే భరించాలి. తెలియజేసిన తర్వాత పోయేది బ్యాంకే భరించాలి. మొదట్లో చెప్పుకున్న జవాబు ఈ వాక్యం నుంచే వస్తోంది. దొంగలు మనిషిని నమ్మించో భయపెట్టో అతని చేతే బటన్ నొక్కించడం మొదలుపెట్టాక, బాధితుల్లో ఎక్కువమంది ఈ వాక్యం కిందికే వచ్చిపడ్డారు. మోసపోవడానికీ నిర్లక్ష్యానికీ తేడా ఉంది. సర్క్యులర్ ఆ తేడాను గట్టిగా గీయలేదు.

2016లో యూపీఐ వచ్చింది. అందులో డబ్బు పంపమని అవతలివారిని అడిగే సౌకర్యం, అంటే కలెక్ట్ రిక్వెస్ట్ ఉంది. పాత సోఫా అమ్ముతానని ప్రకటన పెట్టినవారికి ‘డబ్బు పంపుతున్నా, పిన్ కొట్టి తీసుకోండి’ అని ఫోన్ వచ్చేది. పిన్ కొడితే డబ్బు పోతుందే తప్ప రాదు. డబ్బు అందుకోవడానికి పిన్ గానీ, క్యూఆర్ స్కానింగ్ గానీ ఎప్పుడూ అక్కర్లేదు. వ్యక్తుల మధ్య ఈ కలెక్ట్ రిక్వెస్టులను యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి ఆపేసింది. యూపీఐ వచ్చిన తొమ్మిదేళ్లకు. ఇది చాలా ముందే జరగాల్సింది. కొన్ని రకాల వ్యాపార సంస్థల రిక్వెస్టులు ఇంకా రావచ్చు కాబట్టి, స్క్రీన్ మీద ‘చెల్లించు’ అని ఉందా లేదా అన్నది చదివాకే పిన్ కొట్టాలి.

వేలిముద్రల కథ మన ప్రాంతానికి మరీ దగ్గరిది. ఆధార్ ఆధారిత చెల్లింపుల్లో ఆధార్ నంబరు, బ్యాంకు పేరు చెప్పి మైక్రో ఏటీఎం (బ్యాంకు ప్రతినిధి దగ్గరుండే చిన్న యంత్రం) మీద వేలు పెడితే చాలు, ఓటీపీ ఉండదు. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒకతను భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీద ఉన్న వేలిముద్రలకు నకళ్లు చేసి సిమ్‌లు యాక్టివేట్ చేసిన కేసు బయటపడింది. తర్వాత ఇదే పద్ధతి ఖాతాల్లో డబ్బు తీయడానికీ వాడారు. ఇక్కడ ఖాతాదారు ఎవరికీ ఏమీ చెప్పలేదు కనుక 2017 సర్క్యులర్ రక్షణ అతనికి దక్కాల్సిందే. చిక్కల్లా ఖాతాకు ఫోన్ నంబరు జత కాకపోతే డబ్బు పోయిన సంగతే తెలియదు, పాస్‌బుక్ ప్రింట్ వేయించినప్పుడు బయటపడుతుంది. ఆధార్ సంస్థ యాప్‌లో గానీ వెబ్‌సైట్‌లో గానీ బయోమెట్రిక్ లాక్ వేసుకోవచ్చు. లాక్ ఉన్నంతకాలం రేషన్ షాపులోనూ పింఛను దగ్గరా వేలిముద్ర పడదు. అక్కడికి వెళ్లేముందు తాత్కాలికంగా తీసి, పని కాగానే మళ్లీ వేయాలి.

తర్వాతి వంతు ఏపీకే ఫైళ్లది, అంటే ఆండ్రాయిడ్ ఫోన్లో నేరుగా యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లది. వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్, పెళ్లి శుభలేఖ పేరుతో వస్తాయి. ఇన్‌స్టాల్ చేసి అడిగిన అనుమతులన్నీ ఇస్తే ఆ యాప్ మెసేజ్‌లు చదివి ఓటీపీలు దొంగకు పంపుతుంది. అలాంటిది పడిందని అనుమానం వస్తే వెంటనే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. బ్యాంకుకు వేరే ఫోన్ నుంచి చెప్పాలి, పాస్‌వర్డులు వేరే పరికరం నుంచి మార్చాలి, ఆ తర్వాత ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. యాప్ తీసేసినంత మాత్రాన సరిపోదు. కాల్స్ మరో నంబరుకు మళ్లుతున్నాయేమో *#21# కొడితే తెలుస్తుంది, ##002# కొడితే రద్దవుతాయి.

భయపెట్టే మోసాల్లో ఇప్పుడు అన్నిటికన్నా క్రూరమైనది ‘డిజిటల్ అరెస్ట్’. మీ పేరుతో పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయనో, మీ ఆధార్‌తో మనీ లాండరింగ్ జరిగిందనో మొదలవుతుంది. వీడియో కాల్‌లో యూనిఫాం, నకిలీ కోర్టు ఉత్తర్వులు. కాల్ ఆపొద్దు, ఇంట్లోవాళ్లకు చెప్పొద్దు, ‘తనిఖీ’ కోసం డబ్బు ఫలానా ఖాతాకు పంపు, తర్వాత తిరిగొస్తుంది. విశ్రాంత ఉద్యోగులు ఫిక్స్‌డ్ డిపాజిట్లు రద్దు చేసి స్వయంగా బ్యాంకుకు వెళ్లి ఆర్టీజీఎస్ చేసిన సందర్భాలున్నాయి. మన చట్టంలో ఇలాంటి అరెస్ట్ లేదు. విచారణకు పిలిచే నోటీసును వాట్సాప్‌లో ఇస్తే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. అదే ఏడాది డిసెంబరు 1న ఈ కేసుల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది.

ఆ ఫోన్ల వెనక ఉన్నవారందరూ ఇష్టపడి చేరినవాళ్లు కారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని ఆశపెట్టి మన యువకులను కంబోడియాకు పంపిన ఏజెంట్ల ముఠాను 2024 మేలో విశాఖపట్నం పోలీసులు పట్టుకున్నారు. పాస్‌పోర్టు లాక్కుని, భారతీయులనే మోసం చేయమని కొట్టారని తిరిగొచ్చినవారు చెప్పారు.

ఇన్ని రకాల్లోనూ సొమ్ము దాటే దారి మాత్రం ఒకటే: కమీషన్‌కు అద్దెకిచ్చిన మ్యూల్ ఖాతాలు. ఒకదానిలో పడ్డ మొత్తం నిమిషాల్లో ముక్కలై పదుల ఖాతాలకు, అక్కణ్నుంచి నగదుగానో క్రిప్టోగానో మారిపోతుంది. ఈ పరుగును అందుకోవడానికే 2021లో కేంద్ర హోంశాఖ 155260 అనే సహాయ ఫోన్ నంబరు తెచ్చింది. 2022లో అది 1930 అయింది. ఫోన్ చేసేటప్పుడు ఖాతా నంబరు, పోయిన మొత్తం, తేదీ, సమయం, చెల్లింపు రసీదులో ఆ బదిలీని గుర్తించే యూటీఆర్ నంబరు (యూపీఐ అయితే 12 అంకెలు) దగ్గర పెట్టుకోవాలి. ఒకటికి మించిన బదిలీలుంటే ప్రతిదానికీ ఆ నంబరు విడిగా చెప్పాలి, ఒక్క అంకె తప్పినా వెతుకులాట అక్కడే ఆగుతుంది. వివరాలు అందగానే డబ్బు చేరిన బ్యాంకుకు టికెట్, అంటే ఆ సొమ్ము ఆపమనే ఆన్‌లైన్ సమాచారం వెళ్తుంది. సొమ్ము ఉంటే ఆపుతారు, దాటిపోతే తర్వాతి బ్యాంకుకు టికెట్ పంపుతారు. 24 గంటల్లోపు సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో లిఖితపూర్వక ఫిర్యాదు నమోదు చేయాలి. బ్యాంకుకు విడిగా రాసి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ‘పిన్ మీరే కొట్టారు’ అని నోటిమాటగా తిప్పి పంపితే ఆ మాటే కాగితం మీద రాసివ్వమని అడగండి. అంబుడ్స్‌మన్ ముందు అది పనికొస్తుంది.

ఆగిన సొమ్ము దానంతటదే వెనక్కి రాదు. చాలా సందర్భాల్లో కోర్టు ఉత్తర్వు కావాలి. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో 2024 నుంచి లోక్ అదాలత్‌ల ద్వారా ఈ పని వేగం చేసింది, కాబట్టి ఫిర్యాదు చేసిన స్టేషన్‌లో తర్వాతి లోక్ అదాలత్ తేదీ అడిగి దరఖాస్తు ఇవ్వాలి. టికెట్ గొలుసులో ఒక్కోసారి సరుకు అమ్మి యూపీఐలో డబ్బు తీసుకున్న చిరు వ్యాపారి ఖాతా కూడా స్తంభించిపోతుంది. అతను బ్యాంకు నుంచి ఫిర్యాదు నంబరు, ఏ రాష్ట్ర పోలీసులు ఆపమన్నారో తీసుకుని, ఆ అమ్మకం బిల్లుతో ఆ దర్యాప్తు అధికారికి రాయాలి. మొత్తం ఖాతా కాకుండా వివాదంలో ఉన్న మొత్తం మీదే నిలుపుదల ఉంచమని కోరాలి.