నల్ల డై మీద బ్రౌన్ డై వేస్తే బ్రౌన్ రాదమ్మా!

మొన్న శనివారం షట్టర్ పూర్తిగా ఎత్తకముందే, తలకు చున్నీ చుట్టుకుని ఒకమ్మాయి పార్లర్ మెట్ల మీద కూర్చుని ఉంది. మర్నాడు పెళ్లిచూపులు. ఇంట్లో నల్ల డై వేసుకుంటే మరీ బొగ్గులా కనిపించిందట, కొన్నాళ్లకు దాని మీదే రెండుసార్లు బ్రౌన్ వేసింది. ఇప్పుడు మాడు దగ్గర రాగి రంగు, కింద అదే బొగ్గు. "అక్కా, గంటలో తీసేస్తావా?" అని ఏడుపు మొహం.

దిల్‌సుఖ్‌నగర్‌లో 18 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నా. ఈ మాట వినని వారం లేదు.

రంగు రంగును తీయదు. పర్మనెంట్ డైలోని చిన్న అణువులు వెంట్రుక లోపలికి వెళ్లి, పెరాక్సైడ్‌తో కలిసి పెద్దవై అక్కడే ఇరుక్కుంటాయి. పైన ఎంత లేత షేడ్ వేసినా అవి కదలవు. కొత్తగా మొలిచిన వెంట్రుకలో డై లేదు కాబట్టి డెవలపర్, అంటే డైలో కలిపే పెరాక్సైడ్ ద్రవం, దాన్ని మాత్రం తేలిక చేస్తుంది. ఆ రాగి రంగు అలా వచ్చిందే.

అసలు నష్టం ఆ తర్వాత జరుగుతుంది. కంగారులో బ్లీచ్ తెచ్చి, 40 వాల్యూమ్ డెవలపర్ కలిపి పట్టించేస్తారు. అందులో పెరాక్సైడ్ 12 శాతం! నలుపు ఒక్కసారిగా పోదు. ఎరుపు, నారింజ, పసుపు దాటుకుంటూ వస్తుంది. చాలామంది నారింజ దగ్గరే ఆగి, మళ్లీ పూస్తారు. జుట్టు రబ్బరులా సాగి తెగుతుంది.

"నేను వేసింది మెహందీయే కదా" అంటారు కొందరు. గోరింటాకు నల్లరంగు ఇవ్వదమ్మా. ప్యాకెట్‌లో నలుపు ఉందంటే నీలి ఆకో, పీపీడీ అనే అలర్జీ తెప్పించే డై రసాయనమో, కొన్నింట్లో బ్లీచ్ తగిలితే వేడెక్కే లోహ లవణాలో ఉంటాయి. నేను పని నేర్చుకునే రోజుల్లో అడక్కుండా అలాంటి జుట్టుకు బ్లీచ్ పెట్టా. జుట్టుకు చుట్టిన ఫాయిల్ వేడెక్కి చేతికి చురుక్కుమంది. పరుగున కడిగేశాం, అయినా ఒక పాయ పోయింది. అప్పటి నుంచి మెడ వెనక నాలుగు వెంట్రుకలు కత్తిరించి, ముందు వాటి మీదే చూస్తా.

పర్మనెంట్ డైకి కలర్ రిమూవర్ మేలు. గంధకం రకమైతే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, భరించాలి. అణువులను మళ్లీ చిన్నవి చేస్తుంది కాబట్టి చాలాసేపు కడగాలి. లేదంటే నలుపు తిరిగొస్తుంది. మీ పుట్టు రంగు మాత్రం రాదు, డెవలపర్ దాన్ని ఎప్పుడో తినేసింది. గోరింటాకు మీద ఇది పనిచేయదు, కత్తిరించుకుంటూ పోవడమే. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది.

మిగతావి చెప్పేస్తా. నిమ్మరసం, వంటసోడాతో డై పోదు, జుట్టు గడ్డిలా అవుతుంది. అమోనియా లేని డైలోనూ పీపీడీ ఉండొచ్చు. ఏదైనా సరే, 48 గంటల ముందు చెవి వెనక రాసి చూడండి. కళ్లు, మొహం వాస్తే పార్లర్‌కు కాదు, డాక్టర్ దగ్గరికి. రంగు త్వరగా వెలిసిపోతోందా? బోరు నీళ్లు ఆపి నల్లా నీళ్లతో తలస్నానం చేసి చూడండి.

ఆ అమ్మాయికి బ్లీచ్ ముట్టలేదు. పీపీడీ లేని సెమీ పర్మనెంట్ ముదురు బ్రౌన్ మాడు దగ్గర వేసి, కింది నలుపుతో కలిపేశా. ఆదివారం రాత్రి ఫోన్ చేసింది. అబ్బాయి కూడా డై వేసుకొచ్చాడట, చెవి పక్కన మరకతో సహా.